జట్కావాడు కూడా కార్మికుడే



మే డే దగ్గర పడుతోంది. ఈసారి సామూహిక భోజనం సంగతి కమిటీలో చర్చకు వచ్చినప్పుడు ఒక సభ్యుడు లేచి, "వంటలూ గింటలూ ఎందుకన్నా, హోటల్లో పార్సిల్ చెప్పేద్దాం, ఎవరికీ తలనొప్పి ఉండదు" అన్నాడు. నలుగురైదుగురు తలలూపారు. ఖర్చు ఎక్కువవుతుందని ఒకరన్నారు తప్ప, ఏమిటా తలనొప్పి అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు గనుక అడగలేదు. మేమూ అడగలేదు. ఆ రాత్రి ఆఫీసు బీరువాలో అడుగున పడి ఉన్న ఒక బొమ్మల పుస్తకాన్ని బయటికి తీసి మళ్ళీ మొదటినుంచి చూశాం. ఆ పుస్తకం గురించీ ఆ పార్సిల్ గురించీ ఈ సంచికలో రాయకుండా ఉండలేకపోతున్నాం.

పుస్తకం పేరు "భీమాయన". 2011లో నవయాన అనే ప్రచురణ సంస్థ వేసింది. డాక్టర్ అంబేద్కర్ జీవితంలో అంటరానితనం ఎదురైన సందర్భాలను తీసుకుని బొమ్మల్లో చెప్పిన కథ. మాటలు రాసినవారు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్. బొమ్మలు వేసినవారు మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మన దగ్గర ఉన్నది ఇంగ్లీషు ప్రతి. మాకు వచ్చిన ఇంగ్లీషు నోటీసు బోర్డు చదువుకునేంత. మన సభ్యుడొకరి కూతురు తుమకూరులో డిగ్రీ చదువుతూ ఆ పుస్తకం తెచ్చి, ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని పేజీ పేజీ తెలుగులో చెప్పింది. అది మొదటిసారి. ఇప్పటికి కొన్నేళ్ళయింది.

మా చిన్నతనంలో బొమ్మల పుస్తకమంటే రాజులూ రాక్షసులూ, గళ్ళు గళ్ళుగా గీసిన పేజీలు. ఇందులో గళ్ళు లేవు. మనుషులను డబ్బాల్లో పెట్టి గీయడం తమకు ఇష్టం లేదని ఆ దంపతులు చెప్పారట. పేజీ అంతా ఒకే నేల పరుచుకున్నట్టుంటుంది. దాని మీదే మనుషులు, పశువులు, చెట్లు, చేపలు. రైలు పాములా మెలికలు తిరుగుతుంది. (మన హాజరు పుస్తకంలో మాత్రం అన్నీ గళ్ళే, ఒక్కటి ఖాళీ పడినా జీతం కోత.) ఇంకో తమాషా ఉంది. మంచి మాట మాట్లాడేవాడి మాటలు పిట్ట ఆకారంలో రాశారు. విషం కక్కేవాడి మాటలకు తేలు తోక పెట్టారు. ఇంగ్లీషు రానివాడికి కూడా ఎవరి నోట్లో ఏముందో పేజీ తిప్పగానే తెలిసిపోతుంది.

కథ మూడు భాగాలు. నీళ్ళు, నీడ, ప్రయాణం. నీళ్ళ భాగంలో పిల్లవాడు భీమ్ బడిలో దాహానికి అల్లాడతాడు. కుండ ముట్టుకోకూడదు. బడి ప్యూను వచ్చి పైనుంచి పోస్తేనే నీళ్ళు. ప్యూను రాని రోజు దాహమే. 1901లో తండ్రిని చూడడానికి పిల్లలు గోరేగాంకు బయల్దేరితే, స్టేషన్లో ఏ బండివాడూ ఎక్కించుకోడు. రెట్టింపు బాడుగ ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పగ్గాలు పిల్లలే పట్టుకోవాలి, తాను నడిచి వస్తాడు. రాత్రి అంతా దారిలో గుక్కెడు నీళ్ళు పుట్టలేదు. నీడ భాగం బరోడాది. అమెరికాలో చదివి వచ్చి అక్కడ ఉద్యోగంలో చేరిన మనిషికి ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. పారశీవాళ్ళ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు.

మొదటిసారి ఇదంతా విన్నాక మా రక్తం ఉడికింది. ఆ ఏడు ఏప్రిల్ 14 సభలో ఈ పుస్తకం ఎత్తి చూపించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాం. భూస్వాములు, పురోహితులు, పెత్తందారులు, ఎవరినీ వదలలేదు. చప్పట్లు బాగానే పడ్డాయి. పుస్తకం బీరువాలోకి పోయింది.

ఈసారి ఒంటరిగా చూశాం. చదివి చెప్పే పాప లేదు, ఆమెకు పెళ్ళై బెంగళూరు వెళ్ళిపోయింది. కథ తెలిసిందే గనుక బొమ్మలే చూస్తూ పోయాం. చూస్తూండగా ఒక సంగతి తట్టింది. ఈ పుస్తకంలో భూస్వామి ఎక్కడ? పుస్తకమంతా అడుగడుగునా అడ్డం నిలబడినవాడు ఎవడు? నీళ్ళు పోసే బడి ప్యూను. అద్దె బండి తోలేవాడు. బరోడా ఆఫీసులో బంట్రోతులు ఫైళ్ళు చేతికివ్వకుండా బల్లమీదకు విసిరేవారని ఆయన జీవిత చరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. జీతగాళ్ళు, కూలివాళ్ళు, బాడుగ బండ్లవాళ్ళు. ఒక్కొక్కరూ రేపు మన యూనియన్‌లో చేరడానికి వస్తే రసీదు రాసి సభ్యత్వం ఇచ్చేవాళ్ళమే.

ప్రయాణం భాగంలో 1929 నాటి చాలీస్‌గావ్ సంఘటన ఉంది. అప్పటికి అంబేద్కర్ బారిస్టరు. అంటరానివారి కష్టాలను విచారించే ప్రభుత్వ కమిటీలో సభ్యుడు. రైలు దిగి పేటకు పోవాలి. జట్కావాళ్ళు ఆయన్ను ఎక్కించుకోమన్నారు. చివరికి బండి ఇస్తాం, మేం తోలం అన్నారు. ఊరి దళితుల్లో ఎన్నడూ జట్కా తోలనివాడు ఒకడు, అతిథికి అవమానం కాకూడదని పగ్గాలు పట్టుకున్నాడు. వంతెన మీద చక్రం రాళ్ళలో ఇరుక్కుంది. గుర్రం, బండి ఏట్లో పడ్డాయి. ఆయన రాళ్ళమీద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎంత చిన్న కొలువు చేసేవాడైనా, ఎంత పెద్ద చదువు చదివిన దళితుడి కన్నా తాను పై మెట్టున ఉన్నాననుకుంటాడని ఆ రోజు తెలిసిందని ఆయనే తర్వాత రాసుకున్నారు.

ఆ జట్కావాడికి రోజుకు ఎంత వచ్చి ఉంటుంది? గుర్రానికి దాణా పోను ఇంటికి ఏం మిగిలి ఉంటుంది? అప్పిచ్చిన సేటు వాడి బండిని ఎన్నిసార్లు లాక్కుపోతానని బెదిరించి ఉంటాడు? ఇవన్నీ మాకు తెలుసు, మనమంతా ఆ బతుకే బతుకుతున్నాం గనుక. అలాంటివాడు ఒక పూట బాడుగ పోగొట్టుకోవడానికైనా సిద్ధపడ్డాడు, పక్కన కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. మొదటిసారి ఈ పేజీని మేము వేగంగా తిప్పేశాం.

మన పనిలోనే జరిగిన ఒక సంగతి చెబుతాం. పాత రకం మగ్గం మీద పనిచేసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. షటిల్‌లో కండె అయిపోతే కొత్త కండె పెట్టి, దారం కొసను షటిల్ కంట్లోంచి నోటితో పీల్చి బయటికి లాగాలి. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలో ఇదే పద్ధతి. నేత ఖాతాలో కూలి ఎక్కువ. కానీ దళిత కార్మికులను అందులోకి రానిచ్చేవారు కాదు. వాళ్ళు పీల్చిన షటిల్‌ను మరొకరు పీలిస్తే ఎంగిలి అంటుతుందట, కులం పోతుందట. అందుచేత వాళ్ళకు కూలి తక్కువైన స్పిన్నింగ్ ఖాతాలే గతి. ఇందులో యజమాని లాభం యజమానికి ఉండనే ఉంది. కానీ ఆ ఖాతా తలుపు దగ్గర కాపలా కాసింది మాత్రం తోటి నేతగాళ్ళే.

1928లో బొంబాయి మిల్లులన్నీ ఆరునెలలు మూతపడ్డాయి. అది మన దేశ కార్మికోద్యమంలో గొప్ప సమ్మె, ఎర్రజెండా నాయకత్వంలో నడిచింది. ఆ రోజుల్లో అంబేద్కర్ నాయకులను సూటిగా అడిగారు. నేత ఖాతాలో మావాళ్ళను పనికి రానివ్వాలన్నది మీ కోర్కెల్లో చేరుస్తారా లేదా? నాయకులు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. ఎర్రజెండా పట్టినవాళ్ళమే ఈ మాట రాసుకోవడం కష్టంగా ఉంది, అయినా రాయాలి. మరుసటి ఏడు మళ్ళీ సమ్మె వస్తే ఆయన దాన్ని వ్యతిరేకించారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఇప్పటికీ వాదించుకోవచ్చు. కానీ 1938 నవంబరు 7న కార్మికుల సమ్మె హక్కును నొక్కే బిల్లు మీద ఆయన పార్టీ, కమ్యూనిస్టులు కలిసి ఒకరోజు సమ్మె చేశారని కూడా గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉన్నప్పుడే, 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరించి వారానికి 54 గంటల పనిని 48కి దించారు. మనం ఎనిమిది గంటలు అని అరిచిన ప్రతిసారీ ఆయన సంతకం మీద నిలబడే అరుస్తున్నాం.

ఇప్పుడు షటిల్ లేని మగ్గాలు వచ్చాయి. దారాన్ని గాలి తోసుకుపోతుంది, నోటితో పనే లేదు. ఎంగిలి భయం మాత్రం మిల్లు వదిలి పోలేదు. మన సమ్మె పొయ్యి దగ్గర దాన్ని మేము కళ్ళారా చూశాం.

పదేళ్ళకు పైగా అయింది. మన మిల్లు గేటు ముందు పదకొండు రోజులు కూర్చున్నాం. పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెండో రోజు నుంచి అక్కడే పొయ్యి పెట్టాం. వైండింగ్‌లో పనిచేసే ఒక చెల్లెలు, కాలనీ నుంచి వచ్చేది, తానే ముందుకొచ్చి రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేసింది. ఆ పూట అందరూ తిన్నట్టే కనిపించింది. మూడో రోజు మధ్యాహ్నానికి ముప్ఫై మంది దాకా "ఇంటికి పోయి తినొస్తాం" అని లేచారు. నాలుగో రోజు ఇంకా ఎక్కువ. పోయినవాళ్ళలో కొందరు సాయంత్రానికి గాని తిరిగి రాలేదు. గేటు దగ్గర జనం పలచబడితే యాజమాన్యం ఏమనుకుంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ రాత్రి కమిటీ కూర్చుంది. ఎవరూ కులం పేరు ఎత్తలేదు. "అందరికీ సరిపోయే వంటమనిషి" అన్న మాట వచ్చింది. ఆ మాటకు అందరం ఒప్పుకున్నాం. బయటి నుంచి ఒక వంటాయనను కూలికి పిలిచాం.

పొద్దున్నే ఆమె పిండి సంచీ దగ్గరికి వచ్చింది. ఆమెతో మాట్లాడాల్సిన పని కార్యదర్శిది గనుక మేమే చెప్పాం. నీ గొంతు బాగుందమ్మా, నువ్వు నినాదాలకు ముందుండు, వంట సంగతి వేరేవాళ్ళు చూసుకుంటారు అన్నాం. ఆమె మా ముఖంలోకి చూసి, "సరేలే అన్నా" అంది. ఆ మిగిలిన వారమంతా ఆమె గొంతే గేటు దాటి ఆఫీసు దాకా వినిపించింది. బోనసులో కొంత సాధించాం. విజయోత్సవం చేశాం. తర్వాత ఏప్రిల్ 14 సభలో మేము ఈ పుస్తకం ఎత్తి పట్టుకుని గంటసేపు మాట్లాడినప్పుడు ఆమె వెనక వరసలో కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టిందో లేదో మేము చూడలేదు.

జట్కా పేజీ దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదీ.

ఇది మన మిల్లు ఒక్కదాని సంగతని ఎవరూ అనుకోవద్దు. పావగడ అసెంబ్లీ స్థానం రిజర్వుడు. మనం ఓటు వేసే చిత్రదుర్గ పార్లమెంటు స్థానమూ రిజర్వుడే. ఆ స్థానం నుంచి గెలిచిన ఎ. నారాయణస్వామి 2019 సెప్టెంబరులో మన తాలూకాలోనే ఒక గొల్లరహట్టికి పోతే, దళితుడని లోపలికి రానివ్వలేదు. ఊరి బయట కుర్చీ వేశారు. ఆయన కాసేపు కూర్చుని వెనక్కి వెళ్ళిపోయారు. దేశమంతా పేపర్లలో వచ్చింది. ఆయన పార్టీ వేరు, మన దారి వేరు. కానీ లక్షల ఓట్లతో గెలిచిన మనిషికి ఊరి బయట కుర్చీ అయితే, మన చెల్లెలికి పొయ్యి దగ్గర చోటు ఎక్కడ దొరుకుతుంది? ఆ హట్టివాళ్ళను దుమ్మెత్తిపోయడం సులభం. గొర్రెలు కాచుకుని బతికే పేదలు వాళ్ళు, వాళ్ళ ఇళ్ళూ మన ఇళ్ళలాంటివే. వాళ్ళు కుర్చీ బయట వేశారు, మనం వంటమనిషిని మార్చాం. తేడా ఏమంటే మన సంగతి పేపర్లో రాలేదు.

మన తాలూకా ఎండను 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టి అమ్ముతున్నారు, 13,000 ఎకరాల్లో అద్దాలు పరిచారు. మన నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, అది ఊరి పళ్ళనూ కాలనీ పళ్ళనూ ఒకే రంగుకు తిప్పింది. నీళ్ళకు తెలిసిన సమానత్వం మనకు తెలియలేదు.

తిరుగుబాటు అనే మాట పావగడలో కాస్త నెమ్మదిగా పలకాలి. 2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్ళిలో పోలీసు క్యాంపు మీద నక్సలైట్ల దాడి జరిగింది. చనిపోయిన పోలీసుల్లో మనలాంటి ఇళ్ళ బిడ్డలే ఉన్నారు. ఆ తర్వాత ఎన్నాళ్ళో మన ఊళ్ళల్లో ఎర్రగుడ్డ కట్టుకోవడానికే జంకారు. మేము చెప్పే తిరుగుబాటు ఆ రకం కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ చౌదారు చెరువులో దిగి దోసెడు నీళ్ళు తాగారు. అంతే చేశారు. ఆ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ అంతకుముందే తీర్మానం చేసి ఉంది. దానికి మూలమైన 1923 నాటి బొంబాయి కౌన్సిల్ తీర్మానం తెచ్చినది ఎస్.కె. బోలే, కార్మికుల మధ్య పనిచేసిన మనిషే. కాగితం మీద హక్కు ఉంది, తాగే ధైర్యం కావలసి వచ్చింది. తాగినందుకు ఆ రోజు కర్రలతో కొట్టారు. కోర్టులో తేలేసరికి 1937 అయింది. యాజమాన్యం మీద తిరగబడితే మన వెనక ఊరు ఉంటుంది. ఊరి మీద తిరగబడితే మన వెనక ఎవరుంటారు? ఇంట్లో తల్లి, వియ్యంకుడు, వీధి చివర హోటలు ఆయన, అందరికీ సమాధానం చెప్పుకోవాలి. పదకొండు రోజులు గేటు ముందు ఎండలో కూర్చున్న మగధీరులు ఒక ముద్ద దగ్గర లేచి ఇంటికి పోయింది అందుకే. వాళ్ళు చెడ్డవాళ్ళని మేము అనం. వాళ్ళల్లో ఇద్దరు ఆ సమ్మెలో సస్పెండయ్యారు.

కొందరు అంటారు, 2023లో కర్ణాటక ప్రభుత్వం రోజుకు 12 గంటల పనికి దారి తీస్తూ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించింది, ఇలాంటి వేళ మనలో మనకు ఈ గొడవ ఎందుకు, ఐక్యత దెబ్బతింటుంది అని. మేమూ ఆ రాత్రి కమిటీలో సరిగ్గా ఇదే మాట అన్నాం. ఐక్యత కోసమే వంటమనిషిని మార్చాం. అయితే ఆ ఐక్యతకు ఖరీదు ఎవరు కట్టారు? ఒక్క మనిషే కట్టింది, ఆమెను అడగకుండానే కట్టించాం. చందా అందరి దగ్గరా సమానంగా వసూలు చేసే యూనియన్ ఇది కదా.

పార్సిల్ అంటే ఆ రాత్రి తీర్మానమే, ఈసారి ప్లాస్టిక్ కవర్లో వస్తుంది. ఎవరు వండారో తెలియదు గనుక అందరూ తింటారు. అందుచేత కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈసారి పేరు పెట్టే మాట్లాడాం, కొంచెం గట్టిగానే మాట్లాడుకున్నాం. ఇద్దరు లేచిపోయారు, ఒకరు తిరిగి వచ్చారు. చివరికి తేలినదేమంటే, మే 1న ఆఫీసు ముందే వంట, హోటలు పార్సిల్ లేదు. ఎవరు తిన్నా తినకపోయినా వంటవాళ్ళను మార్చేది లేదు.

మొదటి పేరు రాయించడానికి మేము ఆ చెల్లెలి ఇంటికి పోయాం. ఆమె ఇప్పుడు మిల్లు మానేసింది, మోకాళ్ళ నొప్పులు. మంచం వాల్చి కూర్చోమంది. ఆ రోజు తప్పు చేశామని చెప్పాం. ఆమె ఏమీ అనలేదు. మే డే వంట సంగతి చెప్పాం. అప్పుడు అంది: "వండేవాళ్ళ పేర్లు ఎందుకన్నా రాసుకుంటా తిరుగుతావు, వండేవాళ్ళకేం కరువు. తినేవాళ్ళ పేర్లు రాసుకోపో ముందు. అవి చూసినాక నేను వచ్చేదీ రానిదీ చెబుతా."

ఆ పుస్తకం ఆఫీసు బల్లమీద పెట్టాం, చూడాలనుకున్నవాళ్ళు చూడవచ్చు. దాని పక్కనే తెల్లకాగితాల నోటుబుక్కు ఉంది. తినడానికి వచ్చేవాళ్ళు తమ పేరు, ఖాతా, షిఫ్టు తామే రాయాలి, ఒకరి తరఫున మరొకరు రాయడం కుదరదు. సెకండు షిఫ్టు వదిలాక రాత్రి పదకొండు దాకా ఆఫీసు తెరిచి ఉంటుంది. మన సభ్యత్వం మూడు వందల పైచిలుకు. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఇరవై రెండు పేర్లు వచ్చాయి.